వలకు చిక్కని వేటగాళ్లు
– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం)



పదో తరగతిలో ఇదే హాస్టల్ వరండాలో కూర్చుని సముద్రపు ఆహార గొలుసు బొమ్మ వేసేవాణ్ణి. వృక్షప్లవకాలు, జంతుప్లవకాలు, చిన్న చేప, పెద్ద చేప. నాలుగు గడులు, మధ్యలో బాణాలు. మార్కులు పడ్డాయి. సముద్రమంటే అంతే అనుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. కాదని చెప్పేవాళ్లు లేరు. ఎం.ఎస్సీ.లో చేరాక ఆ బొమ్మలో ఒక పెద్ద గడి లేదని తెలిసింది. అదే ఈ వ్యాసం.

ఏమిటీ జీవులు?

ఇవి టీనోఫోరా వర్గానికి చెందినవి. ఇంగ్లీషులో కోంబ్ జెల్లీలంటారు. మనం దువ్వెన జెల్లీలందాం. చూడటానికి జెల్లీ చేపల్లా ఉన్నా వర్గం వేరు. ఒంటి మీద 8 వరసల్లో దువ్వెన పళ్ల వంటి శైలికలుంటాయి. వాటిని ఆడిస్తూ ఈదుతాయి. శరీరంలో 95 శాతానికి పైగా నీరే.

ఎలా తింటాయి?

జెల్లీ చేప కుట్టి పట్టుకుంటుంది. దువ్వెన జెల్లీ అంటించి పట్టుకుంటుంది. చాలా రకాలకు స్పర్శకాల మీద కొల్లోబ్లాస్టులనే జిగురు కణాలుంటాయి. కోపిపోడ్‌ల వంటి చిన్న ప్రాణులు తగిలితే అతుక్కుపోతాయి. బెరో అనే రకానికి స్పర్శకాలే లేవు. నోరు పెద్దగా తెరిచి సాటి దువ్వెన జెల్లీలనే మింగుతుంది.

లోతుల్లో ఉండే లాంపోక్టిస్‌కు కడుపు రక్తంలా ఎర్రగా ఉంటుంది. ఎరుపు కాంతి అంత లోతుకు చేరదు కనుక అక్కడ ఎరుపు నల్లగానే కనిపిస్తుంది. మింగిన ప్రాణి కడుపులో మిణుకుమంటే శత్రువు కంట పడే ప్రమాదముంది. ఆ వెలుగును ఎర్ర కడుపు తెరలా కప్పుతుందని శాస్త్రవేత్తల వివరణ.

ఇంతకాలం లెక్కలోకి ఎందుకు రాలేదు?

పూర్వం లోతు సముద్రాన్ని వలలతోనే పరిశీలించేవారు. చేపలు, రొయ్యలు వలలో నిలుస్తాయి. వీటి మెత్తని ఒళ్లు చిరిగి ముద్దవుతుంది. చాలా రకాలు ఫార్మలిన్‌లోనూ నిలవవు. పైగా 1000 మీటర్ల లోతున పీడనం ఉపరితలం కంటే సుమారు 100 రెట్లు. లోతులో బ్రతికే వాటి కణత్వచాల్లోని కొవ్వులు ఆ పీడనానికే సరిపడేలా ఉంటాయని, పైకి తెస్తే పట్టు తప్పుతాయని 2024లో ప్రచురించిన పరిశోధన తెలిపింది.

ఎలా తెలిసింది?

అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన మోంటెరే బే అక్వేరియం పరిశోధన సంస్థ వారు కెమెరాలున్న, మనిషి ఎక్కని వాహనాలను లోతుకు దింపారు. 1991 నుంచి 2016 వరకు తీసిన వీడియోల్లో ఒక జీవి మరొక జీవిని తింటున్న దృశ్యాలు 743 నమోదు చేశారు. 2017లో ఫలితం ప్రచురించారు. లోతు సముద్రంలో పెద్ద చేపలు, స్క్విడ్‌లతో సమానంగా జెల్లీ జీవులు కూడా ముఖ్యమైన వేటగాళ్లేనని తేలింది.

చివరి మాట

బొమ్మలో గడి లేనంత మాత్రాన సముద్రంలో ప్రాణి లేకుండా పోలేదు. చూసే పనిముట్టు చాలలేదు, అంతే. తమ్ముళ్లారా, బొమ్మ నేర్చుకోండి, మనకు మార్కులు కావాలి. కానీ ప్రతి బాణం దగ్గరా ఆగి, "ఇది ఎవరు చూశారు? ఎలా చూశారు?" అని అడగండి. నవ్వుతారేమోనని నేను డిగ్రీ దాకా అడగలేదు. మీరు ఈ రాత్రి స్టడీ అవర్‌లోనే అడగండి.