పులస ఎదురీత

గోదావరి నది మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం వద్ద జన్మించి, 1,465 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. పాపికొండల నడుమ ఇరుకుదారిలో ఒదిగి సాగిన ఈ నది రాజమహేంద్రవరం చేరేసరికి సముద్రాన్ని తలపిస్తుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది.

నిడదవోలు ప్రాంతీయులకు గోదావరి అనగానే స్ఫురించేది విజ్జేశ్వరం. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్టకు అది పడమటి కొస. పశ్చిమ డెల్టా కాలువలకు నీరు మళ్లేది అక్కడినుండే. ఆ నీటితోనే ఈ సీమ అన్నపూర్ణగా పేరు పొందింది. అయితే ఆ కట్టుబడి ఒక బాటసారికి మాత్రం అడ్డుగోడ అయింది. ఆ బాటసారి పులస చేప.

సముద్రంలో ఉన్నంతకాలం దానిని విలస అంటారు. ఆషాఢ శ్రావణాలలో గోదావరికి ఎర్రనీరు రాగానే అది గుడ్లు పెట్టడానికి మంచినీటిని వెదకుకొంటూ ప్రవాహానికి ఎదురీదుతుంది. ఈదిన కొలదీ ఉప్పుదనం తగ్గి రుచి పెరుగుతుందని జాలరుల మాట. నదిలో చిక్కిన ఆ చేపయే పులస. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న నానుడిలో అతిశయోక్తి ఉండవచ్చు. కాని ధర విన్నవారు దానిని తేలికగా కొట్టివేయలేరు. గుడ్లతో నిండిన చేపకు గిరాకీ మరింత ఎక్కువ. అందువల్ల ఎన్నో చేపలు వచ్చిన పని నెరవేరకముందే వలకు చిక్కుతాయి. తప్పించుకొన్నవాటికి ధవళేశ్వరం వద్ద దారి మూసుకుపోతుంది.

గౌతమి సాగరాన్ని చేరే చోట కోరింగ మడ అడవులున్నాయి. 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. పోటు వేళ మునిగి, ఆటు వేళ తేలే ఈ బురదనేలలో గాలి అందదు గనుక మడచెట్లు శ్వాసవేర్లను పైకి చాచుతాయి. చేపలను వేటాడే బావురుపిల్లులు, నీటికుక్కలు ఆ చెట్ల నీడన బ్రతుకుతాయి. సైబీరియాలో లీనా వంటి నదులు హిమసముద్రంలో కలిసే టండ్రా నేలలపై వేసవిలో పిల్లలను పెంచిన ఉల్లంకి జాతి పక్షులు, అక్కడ మంచు కమ్ముకొనగానే వేల కిలోమీటర్లు ఎగిరి ఇక్కడి బురదమేటలపై వాలుతాయి. మనుష్యులు ముక్కు మూసుకొనే ఆ బురదలోని పురుగులే వాటికి విందు.

ఆ మేటలకు ఆధారం గోదావరి మోసుకొచ్చే ఒండ్రు. ఎగువన జలాశయాలు పెరిగిన కొలదీ ఒండ్రు వాటి వెనుకనే నిలిచిపోయి, డెల్టాకు చేరేది తగ్గింది. డెల్టా అంచున కొన్నిచోట్ల సముద్రం నేలను కోసుకుపోతున్నది. వరద ఆలస్యమైన ఏటికి పులస రాక కూడా ఆలస్యమే.