శేషనాగ్ ఒడ్డున శ్రావణ మంచు

మాది నాగాయలంక పక్క పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనలో తుమ్మచెట్టు పట్టుకుని రాత్రంతా వేలాడి బతికినవాణ్ణి. 1996 ఆగస్టులో అమరనాథ్ దారిలో మంచుకు చిక్కాను. ఆ యాత్రలో 242 మంది పోయారు. మీరు కొండలెక్కుతామని సరదా పడుతున్నారు కనుక నా తప్పులు మీ ముందు పెడుతున్నాను.

1. ఒక గండం గట్టెక్కినంత మాత్రాన అన్ని గండాలూ తెలిసినట్టు కాదు.

సముద్రాన్నే చూసినవాణ్ణి, కొండ నన్నేం చేస్తుందనుకున్నాను. గుడివాడ నుంచి మా బావగారు, బందరు నుంచి ఇద్దరు మిత్రులు, నేను. పహల్‌గామ్‌లో చక్కటి ఎండ. పిస్సూ ఎక్కుడు దగ్గర చెమటలు పట్టాయి. కంబళ్లు బరువని జమ్మూ సత్రంలోనే వదిలేయించాను. నా సంచిలో పంచెలు, తువ్వాళ్లు, కారప్పొడి. నూలు బట్ట తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత కాపాడుతుంది. చెరువుగట్టుకు మించిన ఎత్తు ఎరగని మా దివిసీమలో ఆ సంగతితో ఎవరికీ పనిపడలేదు.

2. ఆ నేల మీద పుట్టినవాడి మాట వినండి.

శేషనాగ్ సుమారు 11,700 అడుగుల ఎత్తున ఉంటుంది. మేం చేరేసరికి సరస్సు పచ్చగా, నిశ్చలంగా ఉంది. గుర్రాలు తోలే ముసలాయన మబ్బు చూసి, ఇక్కడే ఆగి పొద్దున్నే దిగిపొమ్మన్నాడు. పైకి రాకుండానే బాడుగ మిగుల్చుకోవాలని చూస్తున్నాడని నేనే మావాళ్లకు చెప్పాను. ఉప్పెన ముందురోజు మా ఊళ్లో వేటకెళ్లే పెద్దాయన కూడా సముద్రం హోరు మారింది, పిల్లల్ని తీసుకుని అవనిగడ్డ పొండన్నాడు. అప్పుడూ వినలేదు. పందొమ్మిదేళ్ల తర్వాత అదే తప్పు మళ్లీ చేశాను.

3. డాక్టరు దగ్గర ఏదీ దాచకండి.

అమరనాథ్ విషాదం తర్వాత నితీష్ సేన్‌గుప్తా కమిటీ వేశారు. ఇప్పుడు ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే యాత్రకు పంపరు. ఆయాసం దాచి ఆ కాగితం తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

4. వెనకబడినవాడి అడుగే అందరి అడుగు కావాలి.

మహాగునాస్ కనుమ ఎక్కుతుంటే వాన కాస్తా మంచైంది. శ్రావణంలో మంచేమిటని తెల్లబోయి చూశాం. ఆ ఎత్తున మన ఊళ్లోకంటే గాలిలో ప్రాణవాయువు మూడో వంతుకు పైగానే తక్కువ. బావగారు పదడుగులకోసారి ఆగుతున్నారు. “ముందెళ్లి డేరా చూసి ఉంచుతాను, మీరు మెల్లగా రండి బావగారూ” అని వెళ్లిపోయాను. అర్ధరాత్రి జవాన్లు ఆయన్ని మోసుకొచ్చారు. వణుకు ఆగిపోయి ఉంది. ఒళ్లు వేడెక్కిందనుకుని సంతోషించాను. చలి మరీ లోపలికి దిగినా వణుకు ఆగుతుందని నాకు తెలియదు. మొద్దుబారిన పాదాలు రుద్దిరుద్ది నిప్పుల దగ్గర పెట్టాను. స్పర్శ లేని చర్మం కాలిపోతున్నా ఆయనకు తెలియలేదు. రుద్దకుండా గోరువెచ్చని నీళ్లలో ఉంచాల్సిందని డాక్టరు తర్వాత చెప్పాడు. కుడికాలికి నాలుగు వేళ్లు తీసేశారు.

తర్వాత పద్దెనిమిదేళ్లు బతికారు. ఏ కార్తీకంలో గుడివాడ వెళ్లినా ఆ కాలికి మేజోడు వేసుకుని అరుగు మీద కూర్చుని కనిపించేవారు. నన్ను ఒక్క మాట అనలేదు. అక్కయ్య మాత్రం ఒకసారి, “ఆయన్ని వదిలి ముందెందుకెళ్లావురా?” అంది. దారి ఇరుకు అక్కయ్యా, పక్కపక్కన నడవలేమన్నాను.

ఆ దారిలో ముగ్గురు కలిసి నడవచ్చు.