మెతుకుల లెక్క, మోల్ లెక్క

మెదకు పట్టణమునకు ఆ పేరు ‘మెతుకు’ అను మాటనుండి వచ్చినదని చెప్పుదురు. ఆ ప్రాంతమును నేటికిని మెతుకుసీమ యని పిలుచుట కలదు. అచ్చటి ప్రసిద్ధమైన చర్చి పాస్నెట్ దొరగారి పూనికతో కట్టబడి, 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరువబడినది. కరవుకాలమున పేదలకు పని చూపి, అందుకు ప్రతిగా అన్నము పెట్టుటకు ఆ కట్టడమును సాగించిరని పెద్దలు చెప్పుదురు. అంతమంది కూలీలకు బియ్యమును గింజలు లెక్కించి యెవ్వరు పంచగలరు? తూచియే పంచవలెను.

తూచుటలోనే లెక్కించుట దాగియున్నది. వెయ్యి బియ్యపుగింజలు 20 గ్రాములు తూగినవనుకొందము. అప్పుడు 25 కిలోగ్రాముల బస్తాలో 12 లక్షల 50 వేల గింజలుండును. వెయ్యి గింజలను లెక్కించిన శ్రమతోనే బస్తా లెక్క తేలినది.

రసాయన శాస్త్రజ్ఞుడు చేయునదియు నిదియే. పరమాణువు కంటికి కానరాదు; దానిని ఏరి లెక్కించు చేయి లేదు. త్రాసు మాత్రము కలదు. అందుచేత డజను వలె ఒక పెద్ద లెక్కను ఏర్పరచుకొనిరి. దాని పేరు మోల్. ఒక మోల్ అనగా సుమారు 6.022 × 10²³ కణములు. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడైన అవగాడ్రో పేర ఈ సంఖ్యను వ్యవహరింతురు. పూర్వము 12 గ్రాముల కార్బన్-12లో నుండు పరమాణువులనుబట్టి మోల్‌ను నిర్వచించెడివారు. 2019 మే 20 నుండి 6.02214076 × 10²³ అను సంఖ్యనే నిర్ణయముగా స్వీకరించిరి. ఇన్ని బియ్యపుగింజలు కావలెనన్నచో, ఏటా 50 కోట్ల టన్నుల బియ్యము పండించినను రెండుకోట్ల నలుబది లక్షల ఏండ్లు పట్టును!

లెక్కకట్టు పద్ధతి మాత్రము సులభము. మూలకముయొక్క పరమాణు భారమెంతయో అన్ని గ్రాములు తూచినచో అది యొక మోల్. ఇనుమునకు 56, గంధకమునకు 32, అల్యూమినియమునకు 27, సీసమునకు 207. కావున గ్రాములను పరమాణు భారముచే భాగించినచో మోల్‌లు వచ్చును. 54 గ్రాముల అల్యూమినియము 2 మోల్‌లు. 414 గ్రాముల సీసమును 2 మోల్‌లే. చేతికి సీసము ఎంతో బరువు. పరమాణువుల సంఖ్య మాత్రము సమానము. కొందరు విద్యార్థులు భాగింపక గుణింతురు. 54ను 27చే గుణించినచో 1,458 వచ్చును. అంత చిన్నముక్కలో అన్ని మోల్‌లెట్లుండునని వారికి తోచవలదా?

ఈ లెక్క తప్పినచో ప్రయోగమే చెడును. ఇనుపరజనును గంధకమును కలిపి వేడిచేయగా ఐరన్ సల్ఫైడు ఏర్పడును. ఇందు ఒక ఇనుప పరమాణువునకు ఒక గంధక పరమాణువు జత. రెండును సమానముగా నుండవలెనని 14 గ్రాముల ఇనుమునకు 14 గ్రాముల గంధకమును తూచిన బాలుడు బరువును సమానము చేసెనే గాని పరమాణువుల సంఖ్యను చేయలేదు. 14ను 56చే భాగింపగా 0.25 మోల్ ఇనుము. దానికి 0.25 మోల్ గంధకము, అనగా 8 గ్రాములు చాలును. తక్కిన 6 గ్రాములు జతలేక మిగులును. వేడి తగిలి అది గాలిలో మండినచో ఊపిరి సలుపనీయని వాయువు గదియంతయు నిండును. ఉపాధ్యాయుడు ముందుగానే కిటికీలు తెరచియుంచుట యందులకే.