గడ్డివేళ్లు - నేలలోని మంద

ఊరి వెలుపలి పచ్చికబయలు పశువులు మేయుటకు తప్ప మరి దేనికిని కొరగాదని మనలో పలువురు తలంచుచున్నారు. ఆ గడ్డి భూమిలోపల కంటికి కానరాని మరియొక మందను గూడ మేపుచున్నదని సభ్యులకు మనవి చేయదలచినాము.

గడ్డియాకులు ఎండవెలుగున బొగ్గుపులుసుగాలిని గ్రహించి చక్కెరగా మార్చుకొనును. అందు కొంత వేళ్లకు దిగి, చక్కెరలుగను, ఆమ్లములుగను, జిగురుగను మట్టిలోనికి ఊరుచుండును. వేళ్ల చుట్టునుండు బాక్టీరియాలు, శిలీంధ్రములు దీనిని తిని బ్రతుకును. చచ్చిన వేళ్లును, రాలిన యాకులును వానికి మెల్లగా అరుగు మేత. ఇవి కుళ్లిన పదార్థములోని నత్రజనిని, భాస్వరమును మొక్కకు అందునట్లు విడదీయును. శిలీంధ్రముల సన్నని పోగులును, బాక్టీరియాల జిగురును మట్టిని గుల్లగా కూర్చి నిలుపును. అట్టి నేలలో వాననీరు సులువుగా ఇంకును.

ఈ మేత ఆగిన నేమగును? ఇంగ్లండులో హార్పెండెన్ కడ, 1843లో ఏర్పడిన రోథంస్టెడ్ పరిశోధనాస్థానమున హైఫీల్డ్ అను పొలము గలదు. అది 1838 నాటికే పచ్చికనేల. 1959లో అందు కొంతభాగమును దున్ని, నాటినుండి ఏటేట పలుమారులు దున్నుచు, ఒక్క మొలకనైనను నిలువనీయక యుంచిరి. ఏబది యేండ్ల పిదప పరీక్షింపగా, అచ్చటి మట్టిలోని కర్బనము ప్రక్క పచ్చికలోని దానిలో సుమారు మూడవవంతు మాత్రమే యుండెను. బాక్టీరియాల సంఖ్య మిక్కిలి పడిపోయెను. వింతయేమనగా, వానిలోని రకములు మాత్రము తగ్గలేదు. కరవునాటి గ్రామమువలె, ఇండ్లన్నియు నిలిచియే యున్నవి గాని ఇంటింట జనము పలుచనైరి. 2008లో ఆ దుక్కిలో కొంతమేర మరల గడ్డి వేయగా, కొలది యేండ్లలోనే సూక్ష్మజీవులు పెరిగినవి. కర్బనము అంత త్వరగా తిరిగి రాలేదు.

అది చలిదేశము. మన యెండలకు ఆకు అలము మరింత వేగముగా కుళ్లిపోవును గనుక అచ్చటి లెక్కలను మన పొలములకు యథాతథముగా అన్వయింపరాదు. కాని ఆకు లేనిదే వేరునకు చక్కెర దిగదనుట ఎచ్చటనైనను ఒక్కటియే. తొలకరికి చిగిర్చిన గడ్డిని మొదలంట మేపినచో పశువుతోబాటు నేలలోని మందయు పస్తుండును. బయలును రెండుమూడు భాగములుగా విడదీసి, వంతులవారీగా మేపి, తక్కిన భాగమునకు తెరపి నీయవలెను. ఇది ఒక్క రైతు వలన కాదు. అతడు తన పశువులను నిలిపినను పొరుగువాని మంద వచ్చి మేయును. సంఘమువారు కూర్చుండి వంతులు నిర్ణయింపవలసిన పని యిది.

సందేహమున్నవారు, పచ్చిక క్రింది మట్టిగడ్డ నొకటియు, ప్రక్కనే పచ్చలేని చోటి గడ్డ నొకటియు తెచ్చి, నీడన ఆరబెట్టి, రెండు గాజుగ్లాసుల నీటిలో మెల్లగా దింపి చూతురుగాక. రెండును ఒకే జాతి మట్టియై యుండవలెను. సామాన్యముగా రెండవది ముందుగా చెదరి అడుగున బురదగా పేరుకొనును.