ఎండలో ఆరిన గుడ్డకు భయం లేదు

ప్రశ్న: నేను మిరప కోతకు పోతాను. నెలసరిలో పాత చీర గుడ్డలే వాడతాను. గజ్జల్లో ఒరుసుకుపోయి దురద, మంట. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ప్యాడ్లు అయిపోతాయని ఒక్కదాంతోనే రోజంతా నెట్టుకొస్తోంది. గుడ్డ వల్లే జబ్బులొస్తాయంటున్నారు, నిజమేనా?
- ఒక అమ్మ, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, గుడ్డ వాడినందుకు సిగ్గుపడకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-24 ఏళ్ల ఆడపిల్లల్లో సగం మంది గుడ్డ వాడుతున్నామనే చెప్పారు. మెత్తటి నూలు గుడ్డను సబ్బుతో ఉతికి, మంచి ఎండలో ఆరేస్తే నిక్షేపంగా వాడుకోవచ్చు. కానీ ఎవరి కంటైనా పడుతుందని మనం దాన్ని చీర కింద దాచి ఆరేస్తాం, లేదా మంచం కోడుకు కడతాం. అది సగం తడితోనే మళ్లీ ఒంటికి చేరుతుంది. ఆ చెమ్మలో ఫంగస్ పెరుగుతుంది. మీ దురదకు చాలావరకు అదే కారణమై ఉంటుంది. ఇకనుంచి గుడ్డలు దండెం మీద బాహాటంగా ఆరేయండి. ఇంట్లో మగవాళ్లు చూస్తే చూడనివ్వండి.

మంటకు ఇంకో కారణం మీ చేతులే కావచ్చు. మిరప ఘాటు ఉత్త నీళ్లకు వదలదు. గుడ్డ మార్చుకునే ముందు చేతులకు కాస్త నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో రుద్ది కడుక్కోండి. మందుల షాపులో ట్యూబు అడిగి తెచ్చుకోకండి. చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నాలుగు రోజులు హాయిగా అనిపించి, ఆపైన తామర ముదురుతుంది. పీహెచ్‌సీలో చూపించుకోండి.

గుడ్డయినా ప్యాడయినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాల్సిందే. అమ్మాయికి ఈ మాట గట్టిగా చెప్పండి. జన ఔషధి కేంద్రాల్లో సువిధ ప్యాడ్ ఒక్కోటి రూపాయికి ఇస్తున్నారు. ఆశా కార్యకర్తనూ అడిగి చూడండి. బడి మరుగుదొడ్డికి గడియ, లోపల నీళ్లు, చెత్తబుట్ట ఉన్నాయా అని ప్రధానోపాధ్యాయుల్ని అడిగే హక్కు మీకుంది. అవి లేని బడిలో ఎన్ని ప్యాడ్లిచ్చినా పిల్ల వాటిని మార్చుకోలేదు.

మీకు మెన్‌స్ట్రువల్ కప్పు, అంటే యోనిలో పెట్టుకుంటే రక్తాన్ని పట్టి ఉంచే చిన్న మెత్తటి కప్పు, బాగా పనికొస్తుంది. కేరళలోని కుంబళంగి పంచాయతీలో 2022లో ఊరి ఆడవాళ్లకు ఈ కప్పులు పంచారు. సరిగా చూసుకుంటే ఒక్క కప్పు ఏళ్ల తరబడి వస్తుంది. పొద్దున ఇంట్లో శుభ్రమైన చేతులతో పెట్టుకుంటే ఎనిమిది గంటల పైనే ఉంచుకోవచ్చు, రక్తం మరీ ఎక్కువైతే తప్ప చేనులో మార్చే పనుండదు. ప్రతి నెలా వాడకానికి ముందూ తర్వాతా మరిగే నీళ్లలో ఉడికించాలి. మొదటిసారి ఏఎన్‌ఎం అక్క చేత నేర్చుకోండి.

కూలికి పిలిచే రైతులకూ ఒక విన్నపం. గట్టున నాలుగు కర్రలు పాతి పరదా కట్టించండి. బిందెడు నీళ్లు, ఒక సబ్బు పెట్టించండి. కోతకొచ్చేది దాదాపు అందరూ ఆడవాళ్లేనని మీకు తెలుసు.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. రక్తం ఎక్కువగా పోతోంది, తెల్లబట్ట కూడా అవుతోంది. గర్భసంచి తీయించుకుంటే బాధా పోతుంది, ప్యాడ్ల ఖర్చూ పోతుందని ఊళ్లో వైద్యం చేసే ఆయన అంటున్నారు.
- నల్లగొండ జిల్లా

జవాబు: తొందరపడకు తల్లీ. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల వాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి సుమారు ముగ్గురుంటే, ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. ఈ అంకె నాకు కోపమూ దుఃఖమూ తెప్పిస్తుంది. తెల్లబట్టకు మందులున్నాయి, ఒక్కోసారి భర్త కూడా వాడాలి. అధిక రక్తస్రావానికి ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, స్కానింగ్ చేసి కారణం వెతకాలి. చాలామందికి మాత్రలతోనే తగ్గుతుంది. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది.

ఈ నెల ఎన్ని రోజులు రక్తం పోయిందో, రోజుకు ఎన్ని ప్యాడ్లు తడిశాయో, గడ్డలు పడ్డాయో లేదో కాగితం మీద రాసుకుని ప్రభుత్వాసుపత్రిలో స్త్రీల వైద్యురాలికి చూపించు. గంటకో ప్యాడ్ నిండిపోతున్నా, లేవగానే కళ్లు తిరుగుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యి.