పాసుపోర్టు, వీసా

సింహాచలము కొండ చెంతఁ జదువుకొను మన విద్యార్థులలోఁ బెక్కురు కళాశాలా విద్య ముగియఁగనే పరదేశములకుఁ బోవఁగోరుచున్నారు. ఈ కోరిక మన ప్రాంతమునకుఁ గ్రొత్త గాదు. పూర్వము విశాఖపట్టణము జిల్లానుండి వేలకొలఁది జనులు ఓడలెక్కి రంగూనునకుఁ గూలికిఁ బోయిరి. 1937వఱకు బర్మా హిందూదేశములో నొక రాష్ట్రము గాన వారికిఁ బరదేశపు టనుమతితోఁ బని లేకపోయెను. నేఁడట్లు గాదు.

పాసుపోర్టు మన ప్రభుత్వ మిచ్చునది. మన మే దేశీయులమో తెలుపును. వీసా మనము పోవు దేశ మిచ్చునది. ఏ పనికై, యెంతకాల ముండవచ్చునో నిర్ణయించును. యాత్రికులకిచ్చు వీసాతో నుద్యోగము చేయరాదు. ఈ భేద మెఱుఁగకున్న నెంత చేటు గలుగునో 2024లో మన పట్టణమే చూచెను. కంప్యూటరు పని యిప్పింతుమన్న దళారుల మాట నమ్మి కంబోడియాకుఁ బోయిన యువకులు అచ్చట నిర్బంధింపఁబడి, పరులను మోసగించు పనిలోఁ బెట్టఁబడిరి. ఆ యేఁటి మే నెలలోఁ గొందఱు విశాఖపట్టణమునకు మరలి వచ్చిరి.

కావున మూఁడు సంగతులు మఱవవలదని మేము విద్యార్థులకును దల్లిదండ్రులకును విన్నవించుచున్నాము. మొదటిది: 1983వ సంవత్సరపు చట్టము చొప్పున విదేశోద్యోగములకు జనులను జేర్చు దళారి కేంద్రప్రభుత్వమువద్ద నమోదు పొందియుండవలెను, ఆ పత్రము నడిగి చూడవలెను. రెండవది: చేతికి వచ్చిన వీసాయు, చేయఁబోవు పనియు సరిపోవునా యని పోల్చి చూడవలెను. మూఁడవది: ఆ దేశము చేరిన పిదపఁ బాసుపోర్టును యజమాని వశము చేయరాదు, ఆపద వచ్చినచో మన రాయబార కార్యాలయమునకు వార్త పంపవలెను.

చదువు నేర్చినందుకు మొదటి ఫలము, వ్రాలు చేయుటకు ముందు పత్రమును జదువుటయే.