కఱ్ఱు పదనును గూర్చియు, చెకుముకి నిప్పును గూర్చియు రైతులకు సూచనలు

మృగశిర కార్తెలో తొలకరి వాన కురిసిన పిమ్మట ఖుష్కి భూములందు దుక్కికి తగిన పదను నిలుచు దినములు మిక్కిలి కొద్ది. రేగడి నేల కొంత ఓర్చును గాని చల్క నేల ఎండ తగిలినంతనే గట్టిపడును. అట్టి దినములలో కఱ్ఱు మొన మొద్దువాఱినను, వంగినను, విఱిగినను ఎడ్లు చాలు నడుమనే నిలిచిపోవును. రైతు కొలిమి యొద్ద తన వంతునకై కాచుకొని యుండును. ఇంతలో విత్తు అదను తప్పును. తెలుగునందు నేలలోని తేమకును, ఇనుప మొనయందలి వాడికిని పదను అను ఒక్క మాటయే వాడుకలో నున్నది. ఈ రెండు పదనులును రైతునకు ఒకే వారమున కావలసివచ్చును. మొదటిది వానను బట్టి యుండును. రెండవది ముందుగా సిద్ధపఱచుకొనదగినది. కావున కఱ్ఱులను, గుంటక పాసలను రోహిణి కార్తె ప్రవేశింపక పూర్వమే కమ్మరికి అప్పగింపవలెను. ఊరివారందఱును తొలివాన పడిన మఱునాడు ఒక్కసారిగా తెచ్చినచో కమ్మరికి తొందర కలుగును. తొందరలో కాల్చిన ఉక్కు చెడును. చెడిన కఱ్ఱునకు కమ్మరిని నిందించువారు తామిచ్చిన ఇనుము ఎట్టిదో, తాము తెచ్చిన వేళ యెట్టిదో ఆలోచించుట అరుదు.

ఇనుము, ఉక్కు

ఇనుములో బొగ్గుసారము, అనగా కర్బనము, ఎంత చేరియున్నదను దానిని బట్టి దాని గుణము మాఱును. కర్బనము మిక్కిలి తక్కువగా నున్నది మెత్తని ఇనుము. దీనిని ఎంత ఎఱ్ఱగా కాల్చి ఎన్నిమార్లు నీట ముంచినను చెప్పుకొనదగిన గట్టిదనము రాదు. బండిచక్రపు పట్టా, సామాన్యమైన ఇనుప చువ్వ ఈ జాతివి. నూటికి సుమారు 0.5 మొదలు 0.8 పాలు కర్బనము గలది కఱ్ఱునకు, గొడ్డలికి, పారకు తగిన ఉక్కు. నూటికి 2 పాళ్లకు మించినచో అది పోత ఇనుము. సమ్మెట దెబ్బకు సాగదు, పెళ్లలుగా పగులును. పోత ఇనుప ముక్కను తెచ్చి కఱ్ఱు సాగగొట్టుమని కోరుట వ్యర్థము.

ఈ భేదమును తెలిసికొనుటకు యంత్రములు అక్కఱలేదు. తిరుగుడు సానకు ముక్కను తాకించి చూడవలెను. మెత్తని ఇనుము నుండి వెడలు రవ్వలు నిడుపై, చీలక సాగిపోవును. ఉక్కు నుండి వెడలు రవ్వలు చివర చీలి పువ్వులవలె విచ్చుకొనును. కర్బనము హెచ్చుకొలది పువ్వులు దట్టమగును. లారీ కమాను పట్టీ సామాన్యముగా కఱ్ఱునకు తగిన ఉక్కే. కొనునపుడు సన్నని నెఱ్ఱెలున్నవేమో చూచుకొనవలెను. ఏండ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికానని పగుళ్లుండి, కఱ్ఱయిన పిదప మొదటి రాతికే విఱుగుట కలదు. జస్తా పూత పూసిన గొట్టములను, రేకులను కొలిమిలో ఎన్నడును పెట్టరాదు. ఆ పూత కాలగా లేచు తెల్లని పొగ పీల్చినవారికి కొన్ని గంటలలో చలి, జ్వరము, ఒడలినొప్పులు కలుగును.

ఉక్కు ఈ దేశపు రైతులకు నిన్న మొన్న వచ్చిన వస్తువు కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమను గ్రామమున పూర్వము మట్టి మూసలలో ఇనుమును కరిగించి ఉక్కు చేసెడివారు. పారశీక వర్తకులు అంత దూరము వచ్చి దానిని కొనిపోయెడివారు. గొప్ప త్రికోణమితి సర్వేలో వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడునుగా నుండిన హెన్రీ వోయ్సీ దొర ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన 1824లో మరణించిన తరువాత, 1832లో బంగాళా ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు ప్రకటింపబడినది. ఆంగ్లేయులు ‘వూట్జ్’ అని వ్రాసిన మాట దక్షిణదేశపు ‘ఉక్కు’ అను మాటయే యని పలువురి యభిప్రాయము. అట్టి ఉక్కులో కర్బనము మిక్కిలి హెచ్చు. దీనిని ఐరోపాలోని కమ్మరులు తమ మెత్తని ఇనుమువలెనే తెల్లగా కాల్చి కొట్టగా అది ముక్కలైపోయెడిది. తక్కువ కాకలో ఓపికతో కొట్టువారికి మాత్రమే అది లొంగెడిది. ఈ సంగతి కఱ్ఱునకును వర్తించును.

కాక

కొలిమిలో ఇనుము రంగును బట్టియే దాని వేడి తెలియును. మసక ఎఱుపు సుమారు 650 సెంటిగ్రేడు డిగ్రీలు. రేగుపండు ఎఱుపు సుమారు 750 మొదలు 800. నారింజ రంగు 900 దాటినది. పసుపు వన్నె 1100 ప్రాంతము. నారింజ, పసుపు వన్నెల నడుమ కఱ్ఱును సాగగొట్టవలెను. రంగు మసక ఎఱుపునకు దిగినపిమ్మట సమ్మెట వేయరాదు. అప్పుడు కొట్టిన దెబ్బ ఉక్కులో నెఱ్ఱె పుట్టించును. ఇక తెల్లవన్నె వచ్చి బాణసంచావలె చిటపట రవ్వలు రాలినచో ఆ మొన కాలిపోయినదని యెఱుగవలెను. కాలిన ఉక్కు మరల బాగుపడదు. ఆ భాగమును నఱికి పాఱవేయుటయే గతి. పని ముగించు తొందరలో తిత్తి అతిగా ఊదుటచేతనే తఱచుగా ఈ నష్టము కలుగుచున్నది.

రంగును ఎండలో చూచి నిర్ణయింపరాదు. నీడలో నారింజగా కనబడు ఇనుము ఎండలో మసకగా కనబడును, కమ్మరి ఇంకను కాల్చును, ఉక్కు చెడును. కొలిమిపై పందిరి వేయుట కమ్మరి సుఖమునకు మాత్రమే కాదు. మిట్టమధ్యాహ్నము కంటె వేకువజాము ఈ పనికి మేలు. బొగ్గు తుమ్మదో, సండ్రదో అయినచో గట్టిగా నిలిచి మండును. బొగ్గు పొర పలుచనై గాలి నేరుగా ఇనుమునకు తగిలినచో పైపొర చిట్లి పెచ్చులుగా రాలును. కఱ్ఱు క్రిందను పైనను జానెడు బొగ్గు ఉండునట్లు చూడవలెను. ఊరి రైతులు కలిసి బొగ్గునకు ముందే ఏర్పాటు చేసిన గ్రామములలో కమ్మరి తడి కట్టెతోను, చితుకులతోను కుస్తీ పట్టవలసిన పని యుండదు.

నీట ముంచి పదను పెట్టుట

సాగగొట్టిన కఱ్ఱు మెత్తగా నుండును. చల్క నేలలోని పలుగురాతి ఇసుక ఉక్కుకంటెను గట్టిది. మెత్తని మొనను అది వారములలో అరగదీయును. కావున మొనకు పదను పెట్టవలెను. మొన నుండి నాలుగు అంగుళముల వఱకు రేగుపండు ఎఱుపునకు తెచ్చి ముంచుట పద్ధతి. సరియైన కాక ఎప్పుడు వచ్చినదో కనిపెట్టుటకు ఒక సులభోపాయము కలదు. ఉక్కు సుమారు 770 డిగ్రీలకు చేరినపుడు అయస్కాంతమును ఆకర్షింపదు. దారమునకు కట్టిన అయస్కాంతమును దగ్గఱకు తెచ్చినపుడు అది కదలకున్నచో, మఱికొంచెము కాల్చి వెంటనే ముంచవలెను. ఇంతకు మించి కాల్చి ముంచినచో ఉక్కు లోని పలుకు ముతకయై పెళుసగును.

కమాను పట్టీని చన్నీట ముంచినచో పగులు భయము కలదు. వేరుసెనగ నూనెయో ఆముదమో గోరువెచ్చగా చేసి అందు ముంచుట శ్రేయస్కరము. నూనెపాత్ర ఇనుపదై, మూత గలదై, బొగ్గు రవ్వలకు దూరముగా నుండవలెను. నూనె అంటుకొన్నచో మూత వేయవలెనే గాని నీరు పోయరాదు.

ముంచిన పిమ్మట ఆకురాయితో మొనను గీచి చూడవలెను. ఆకురాయి పట్టక జాఱినచో పదను ఎక్కినది; పట్టి కోసినచో ఎక్కలేదు. అయితే ఇంతటితో ఊరకున్నచో ఆ మొన గాజువలె పగులును. ఇచ్చటనే అనుభవశాలియైన కమ్మరి నేర్పు తెలియును. అతడు మొనను మాత్రమే ముంచి తీసి, ఇసుకరాతితో రుద్ది మెఱుగు చేసి, వెనుకభాగమున మిగిలియున్న వేడి మొనవైపు ప్రాకుట చూచుచుండును. మెఱుగుపై మొదట గడ్డిపసుపు, తరువాత గోధుమ, ఊదా, నీలి రంగులు వరుసగా నడచును. గడ్డిపసుపు సుమారు 220 డిగ్రీలు, నీలి సుమారు 300. కొడవలికి గోధుమరంగు, గొడ్డలికి ఊదా, రాళ్లు తగులు కఱ్ఱునకు నీలి మొనకు చేరినపుడు మొత్తము చల్లార్చవలెను. రైతు దగ్గఱ నిలిచి యుండి “నీలికి రానిమ్ము” అని యొక్క మాట చెప్పినచో మంచి కమ్మరి కోపగింపడు.

చెకుముకి

వానకాలమున పొలము గుడిసెలో అగ్గిపెట్టె తడిసినచో పుల్లల తల మెత్తపడి రాలిపోవును. ఎండబెట్టినను పెట్టె ప్రక్కనున్న గీతపూత చెడియున్నచో అంటుకొనదు. ఇంట నిప్పు నిలుపుటకు స్త్రీలు కాలిన పిడకను బూడిదలో కప్పి తెల్లవాఱువఱకు ఉంచు పద్ధతి శ్లాఘనీయము. పొలమున చెకుముకియే శరణ్యము. యజ్ఞములలో జమ్మి, రావి అరణులను మథించి నిప్పు పుట్టించు సంప్రదాయము కలదు గాని అది అభ్యాసమును, ఎండిన కొయ్యను కోరును. ముసురులో రైతునకు పనికిరాదు.

చెకుముకిరాయి మండుననుకొనుట పొరపాటు. రాతి వాడి అంచు ఉక్కును సన్నని పొడిగా చెక్కును. ఆ పొడి గాలిలో మండి రవ్వయగును. అందుచేత ఉక్కు మిక్కిలి గట్టిదై యుండవలెను. అరిగిన ఆకురాయి దీనికి శ్రేష్ఠము. దానిలో కర్బనము నూటికి ఒక పాలునకు పైబడి యుండును. కమ్మరి దానిని వంచి, ఎఱ్ఱగా కాల్చి ముంచి, రంగులకు రానీయక అట్లే ఇచ్చినచో చాలును. రవ్వ రాలకున్నచో ముంచుటలో లోపమని అర్థము. రాయి చెకుముకి కాకున్నను వాడి అంచు గల పలుగురాయి కొంతవఱకు పనిచేయును. అంచు మొద్దువాఱినచో మఱొక రాతితో కొట్టి క్రొత్త అంచు తీయవలెను. చెక్కు కంటిలో పడకుండ మొగము ప్రక్కకు త్రిప్పుకొనవలెను.

రవ్వను అందుకొనుటకు మసిగుడ్డ కావలెను. ప్రాత నూలుగుడ్డ ముక్కలను చిన్న రేకు డబ్బీలో పెట్టి, మూతకు సూదిబెజ్జము చేసి, నిప్పులపై ఉంచవలెను. బెజ్జము నుండి పొగ వెడలుట ఆగినపిమ్మట దించి, బెజ్జమును మట్టితో మూసి, పూర్తిగా చల్లారిన తరువాతనే తెఱవవలెను; వేడిగా నున్నపుడు తెఱచినచో గాలి తగిలి అంతయు కాలిపోవును. గుడ్డ నల్లగా, విడిపోక నిలిచినచో సిద్ధమైనది. దానిని రాతి అంచు మీదుగా బొటనవ్రేలితో అదిమి, ఉక్కును పైనుండి క్రిందికి జాఱునట్లు కొట్టవలెను. ఎఱ్ఱని చుక్క కనబడగానే కొబ్బరిపీచు ఉండలో పెట్టి మెల్లగా ఊదినచో మంట లేచును. గడ్డివామికి గాలివాటున ఈ పని చేయరాదు. మిగిలిన మసిగుడ్డను మూత బిగువైన డబ్బీలో పెట్టి, ఇంట పొయ్యి ప్రక్క గోడగూటిలో దాచి, పొలమునకు పోవునపుడు రెండు ముక్కలు మాత్రము వెంట తీసికొనిపోవలెను.